ఆరో ప్రశ్న

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు, 2024 మే నెలలో, బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. దగ్గరలో ఉన్న జూ ఏదైనా ఒకటి చూసి రావాలి. చూసి ఊరుకుంటే చాలదు, దానికి మార్కులు కూడా వేయాలి. మొత్తం ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. జంతువుకు తిండి, నీళ్లు సరిగా అందుతున్నాయా? ఉండే చోటు హాయిగా ఉందా? జబ్బు, గాయం లేకుండా చూస్తున్నారా? తన జాతి తిరిగినట్టు తిరగగలుగుతోందా? భయం, దిగులు లేకుండా ఉందా?

ఈ ఐదు ప్రశ్నలకు ఒక చరిత్ర ఉంది. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పశువులను, కోళ్లను ఇరుకు కొట్టాల్లో పెంచడం మీద ఒక నివేదిక ఇచ్చింది. అక్కడ మొదలైన ఆలోచన 1979 నాటికి 'ఐదు స్వేచ్ఛలు'గా కుదురుకుంది. తర్వాత జూలకూ అదే కొలత పట్టుకొచ్చారు. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ కొలత నేర్పుతున్నందుకు ఆ టీచరమ్మను మనసులోనే మెచ్చుకున్నాం.

అప్పటికి మేము న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీకి వచ్చి రెండేళ్లు. కంపెనీ పని మీద వచ్చినవాళ్లం. ఇంట్లో కోయ మాట, తోటి తెలుగువాళ్లతో తెలుగు, బయట ఇంగ్లీషు. మా అమ్మాయికి మూడూ వచ్చు, మూడూ కలిపి మాట్లాడటం ఇంకా బాగా వచ్చు. నది దాటితే న్యూయార్క్. అక్కడి సెంట్రల్ పార్క్ జూ చిన్నదని, సగం రోజులో అయిపోతుందని దాన్నే ఎంచుకున్నాం.

జూ అనగానే మాకు గుర్తొచ్చేది ఆశ్రమ పాఠశాల రోజుల్లో మమ్మల్ని జిల్లా కేంద్రానికి తీసుకెళ్లిన రోజు. అది కూడా చిన్న జూనే. ఎలుగుబంటి ఉన్న చోట కంచె పట్టుకుని నిలబడ్డాం. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని పోయే మా అమ్మలకు ఎలుగు కొత్త కాదు. అది ఒక చెట్టు కింద, వీళ్లు ఇంకో చెట్టు కింద. ఎవరి పని వాళ్లది, ఎవరి భయం వాళ్లది. ఆ ఎలుగే ఇక్కడ గోడ వెంట అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ తిరుగుతోంది. మా పక్కన నిలబడిన ఒక పెద్దమనిషి మా యూనిఫాంలు చూసి, ఏ ఊరని అడిగి, విని, "అయితే మీ చుట్టాలను చూడ్డానికి వచ్చారన్నమాట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ మాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది.

శనివారం పొద్దున పాత్ రైలు ఎక్కి న్యూయార్క్ చేరి, ఐదో అవెన్యూ వెంట నడుచుకుంటూ జూ దగ్గరికి వెళ్లాం. ముందు ఒక పెద్ద గడియారం. గంట కొట్టగానే కంచు ఏనుగు, ఎలుగు, మేక, కంగారూ, పెంగ్విన్, నీటిగుర్రం తలా ఒక వాయిద్యం పట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి. మా అమ్మాయి అవి రెండు చుట్లు తిరిగేదాకా కదల్లేదు. పెద్దవాళ్లకు టికెట్టు ఇరవై డాలర్ల దాకా ఉంది. మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాం. ఆ అలవాటు రెండేళ్లయినా పోలేదు.

లోపల మొత్తం ఆరున్నర ఎకరాలు. మా వైపు ఒక కుటుంబం చేసుకునే పోడు చెలకంత. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు సుమారు 380 ఎకరాలు, దాని ముందు ఇది ఒక పెరడు. ఇంత ఇరుకులో జంతువులను ఎట్లా పెట్టారో చూద్దామని కాగితం, పెన్సిలు తీశాం.

న్యాయంగా చెప్పాలంటే, మేము అనుకున్నంత చెడ్డగా లేదు. మధ్యలో సముద్ర సింహాల కొలను. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. చేపలు వేసేటప్పుడు పనివాళ్లు ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తూ నోరు, కళ్లు, రెక్కల్లాంటి కాళ్లు చూస్తున్నారు. జనానికి అది ఆటలా కనిపిస్తుంది కానీ, అందులో సగం వైద్యమే. పశువును మచ్చిక చేసి, దానంతట అదే కాలు ఎత్తేలా నేర్పితే మందు పెట్టడం సులువు, కట్టి పడేయనక్కర్లేదు. ఎద్దులు కట్టుకున్న ఇంట్లో పుట్టినవాళ్లం కాబట్టి మాకు ఆ సంగతి అర్థమైంది. మూడో ప్రశ్నకు ఐదు వేశాం.

ఇంకొకటి కూడా గమనించాం. ఏనుగు లేదు, పులి లేదు, సింహం లేదు. 1860ల నుంచీ ఇక్కడ ఏదో ఒక రూపంలో జంతుశాల ఉంది. పాత రోజుల్లో ఏనుగులను, సింహాలను ఇనుప ఊచల గదుల్లో పెట్టేవారు. 1980ల్లో దాన్ని మూసి, పాత బోన్లు తీసేసి, కొత్తగా కట్టి 1988లో మళ్లీ తెరిచారు. చిన్న చోట పెద్ద జంతువులను పెట్టకూడదని అప్పుడు నిర్ణయించుకున్నారు.

కానీ ఒక పెద్ద జంతువును మాత్రం పెట్టారు. గస్ అనే ధ్రువపు ఎలుగుబంటిని 1988లోనే తెచ్చారు. అది తన కొలనులో ఎనిమిది అంకె ఆకారంలో ఈదేది. ఒకటి కాదు, రెండు కాదు, రోజులో గంటల తరబడి అదే ఈత. పట్నమంతా దాని గురించి మాట్లాడుకుంది, పత్రికలు రాశాయి. 1994లో జంతువుల ప్రవర్తన తెలిసిన నిపుణుడిని పిలిపించారు. తిండిని మంచుగడ్డల్లో దాచి పెట్టారు, ఆడుకునే వస్తువులు ఇచ్చారు. ఆ ఈత తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. 2013లో 27 ఏళ్ల వయసులో గస్ చనిపోయాక ఇక్కడికి మళ్లీ ధ్రువపు ఎలుగును తేలేదు. ఈ కథ చదువుతుంటే మాకు చిన్నప్పటి ఎలుగు, దాని నాలుగడుగులు గుర్తొచ్చాయి. గోడ పాలరాతిదైనా, మొండి సిమెంటుదైనా లోపలి ఎలుగు పడే బాధ ఒకటే.

తర్వాత గుడ్లగూబ ఉండిన చోటు చూద్దామనుకున్నాం. దాని కథ ఆ ఏడాది న్యూయార్క్‌లో తెలియనివాళ్లు లేరు. పేరు ఫ్లాకో, జాతి యురేషియన్ ఈగిల్ ఔల్. రెక్కలు చాపితే ఆరడుగులుండే గుడ్లగూబ జాతి అది. 2010లో ఇంకో రాష్ట్రంలోని పక్షుల పార్కులో గుడ్డు నుంచి బయటికొచ్చింది, అదే ఏడాది ఇక్కడికి చేరింది. పన్నెండేళ్లకు పైగా చిన్న పంజరంలో కూచుంది. 2023 ఫిబ్రవరి 2 రాత్రి ఎవరో జాలీ కోశారు. పక్షి బయటపడింది. ఆ కోసినవాళ్లెవరో తెలియలేదు.

బోనులో పుట్టింది, వేట రాదు, నాలుగు రోజుల్లో ఆకలితో చస్తుంది అనుకున్నారందరూ. వారం తిరగకముందే పార్కులో ఎలుకలను పట్టి తినడం మొదలుపెట్టింది. జూ వాళ్లు పట్టుకోవడానికి చూశారు. అది బాగానే బతుకుతోందని తేలాక పట్టే ప్రయత్నం మానుకున్నారు. ఏడాది పైన బతికింది. 2024 ఫిబ్రవరి 23న ఒక భవనం దగ్గర కింద పడి దొరికింది. కోసి పరీక్ష చేస్తే పావురాల నుంచి వచ్చే వైరస్ జబ్బుతో పాటు, నాలుగు రకాల ఎలుకల మందు ఒంట్లో కనిపించింది.

మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. పన్నెండేళ్లు కూచునే బదులు ఒక్క ఏడాది ఎగిరితే చాలదా అని మాలో ఒకరం. విషం తిన్న ఎలుకల మధ్య వదిలితే అది స్వేచ్ఛ ఎట్లా అవుతుంది, అడవి లేని చోట తలుపు తీస్తే ఏం లాభం అని మరొకరం. రెండు మాటలూ నిజమే. అడవి నుంచి ఊళ్లు లేపి రోడ్డు పక్క కాలనీలో వేసినప్పుడు మావాళ్లలోనూ ఇదే వాదన నడిచింది. అయితే ఒకచోట మేమిద్దరం కలిశాం. పంజరంలో ఫ్లాకోకు అన్నింటికన్నా తక్కువైంది చోటు కూడా కాదు, చాటు. పగలు నిద్రపోయే పక్షి అది. అడవిలో మా వాకిటి చెట్టు మీదే గుడ్లగూబ ఉన్నా పగటిపూట కనిపించదు. ఇక్కడ అది నిద్రపోయేది జనం కళ్ల ముందే.

అక్కడి నుంచి మంచు చిరుతల దగ్గరికి వెళ్లాం. 2009లో వాటికి ఈ చోటు కట్టారు. కొండ వాలులాగా రాళ్లు, మధ్యలో చెట్లు, గుహల్లాంటి సందులు, ముందు అద్దం. చూస్తే ఏమీ లేదు. జనం వస్తున్నారు, అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు, నిమిషం తర్వాత "ఏమీ లేదిక్కడ" అని పోతున్నారు. ఒకాయన అద్దం మీద వేలితో కొట్టాడు. పక్కనున్న చిన్న పిల్లే ఆయనకు కొట్టకూడదని రాసిన బోర్డు చూపించింది.

మా అమ్మాయి కూడా విసుగుపడింది. "నాన్నా, ఇక్కడ లేదు, పోదాం."

కూచోమన్నాం. మంచె మీద కూచున్నట్టు కూచోవాలి, కాళ్లు ఊపకూడదు, ఒకేచోట చూడకూడదు, మొత్తం వాలును ఒకేసారి చూస్తూ ఉండాలి, అందులో ఏది కదిలినా అదే తెలుస్తుంది అని చెప్పాం. 1972 చట్టం తర్వాత వేట నేరమైంది. జాడ చదవడం మాత్రం చేలకు కాపలా ఉండేవాళ్లను ఇంకా వదల్లేదు. అడవిపంది ఎటు నుంచి దిగుతుందో తెలియకపోతే మక్కచేను దక్కదు. మా అమ్మాయికి ఆ చదువు నేర్పే అవకాశం జెర్సీ సిటీలో ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజు దొరికింది.

నలభై నిమిషాలు కూచున్నాం. అప్పుడు ఒక రాయి తోక ఊపింది. మొదటినుంచీ అక్కడే ఉంది. మా ఎదురుగా, బూడిద రంగు రాతి మీద, రాయిలా పడుకుని ఉంది. తల ఎత్తి మావైపు ఒకసారి చూసి, లేచి, మెల్లగా రాతి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు. మా అమ్మాయి అరవలేదు. మా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

తర్వాత బెంచీ మీద కూచుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆ జూ నడిపే సంస్థ పేరు అక్కడ ఒక బోర్డు మీద ఉంది. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ. ఆ పేరు చూసినప్పటి నుంచి మాలో ఒకరికి తిండి దిగలేదు. చెప్పాలా వద్దా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎనిమిదేళ్ల పిల్ల. చివరికి చెప్పాం. బయటివాళ్లు నవ్వుతూ చెప్పకముందే మేము చెప్పడం నయమనిపించింది.

ఈ సంస్థే, వేరే పేరుతో, ఇదే నగరంలో బ్రాంక్స్ జూ నడిపేది. ఇప్పుడూ నడుపుతోంది. 1906 సెప్టెంబరులో ఆ జూ కోతుల ఇంట్లో ఒక మనిషిని పెట్టారు. పేరు ఓటా బెంగా. ఆఫ్రికాలో కాంగో అడవుల్లో ఉండే మ్బూటీ జాతివాడు. శామ్యూల్ వెర్నర్ అనే అమెరికన్ అతన్ని కాంగోలో బానిసల వ్యాపారుల దగ్గర కొని, 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనకు తెచ్చాడు. ఆ ప్రదర్శనలో అతని లాగానే ఫిలిప్పీన్స్ కొండజాతులవారిని, అమెరికా ఆదివాసులను కూడా జనానికి చూపించారు. రెండేళ్ల తర్వాత ఓటా బెంగా న్యూయార్క్ చేరాడు. ఒరాంగుటాన్‌తో కలిపి బోనులో ఉంచారు. జనం వేలల్లో వచ్చారు. బయటికి వదిలినప్పుడు కూడా జనం అతని వెంటపడి అరిచారు, పొడిచారు, కాళ్లకు అడ్డం పెట్టి పడేశారు.

నల్లజాతి పాస్టర్లు, వాళ్లలో ముందు నిలిచిన జేమ్స్ గార్డన్, ఇది తమ జాతికే అవమానమని గొడవ చేశారు. ఆ నెల చివరికి ఓటా బెంగాను బయటికి తీసి, గార్డన్ నడిపే అనాథాశ్రమానికి పంపారు. తర్వాత వర్జీనియాలో లించ్‌బర్గ్ అనే ఊళ్లో పొగాకు ఫ్యాక్టరీలో పని చేశాడు. ఇంటికి పోవాలనుకున్నాడు, పోలేకపోయాడు. 1916 మార్చిలో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. జూ సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. నూట పద్నాలుగేళ్లకు.

మా అమ్మాయి చాలాసేపు ఏమీ అడగలేదు. తర్వాత, "ఆయన వాళ్ల అమ్మకు తెలుసా?" అని అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆమెకు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో బ్రాంక్స్ జూ డైరెక్టర్ విలియం హోర్నడే. 1870ల్లో మన దేశానికి వచ్చి, ఆనైమలై అడవుల్లో అక్కడి గిరిజనులు జాడ చూపిస్తే వేటాడిన మనిషి. తర్వాత జంతువులను కాపాడే మనిషిగా మారాడు. అమెరికా బైసన్ జాతి అంతరించకుండా నిలబెట్టినవాళ్లలో అతను ముందువరుసలో ఉంటాడు. ఓటా బెంగా సంగతి జరిగిన మరుసటి ఏడాదే, 1907లో, బ్రాంక్స్ నుంచి పదిహేను బైసన్లను రైలెక్కించి ఒక్లహోమాకు పంపారు. అవి దిగుతుంటే కొమాంచీ ఆదివాసులు చూడటానికి వచ్చారు. ఒకప్పుడు ఆ దున్నల మీదే బతికినవాళ్లు. దున్నను అడవికి పంపాలని తెలిసిన మనిషికి, మనిషిని బోనులో పెట్టకూడదని తెలియలేదు. జంతువు మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ అడవి మనిషి మీద గౌరవం ఉంటుందని మేము నమ్మకపోవడానికి ఇది ఒక కారణం. మిగతా కారణాలు పులుల అడవుల నుంచి ఊళ్లు లేపుతున్న చోట్ల మనవాళ్లను అడిగితే చెబుతారు.

దున్న అంటే మాకు ఇంకో జ్ఞాపకం కూడా. హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని మాలో ఒకరికి దున్నకొమ్ముల తలపాగా కట్టి, డోలు మెడకేసి, పొద్దున ఎనిమిదికి ఎండలో నిలబెట్టారు. వాళ్లు మూడింటికి వచ్చారు. కొమ్ము ఆట మా ఇంటి ఆట, పెళ్లిలో, పండుగలో ఆడతాం. ఆ రోజు కారు దిగినవాళ్లు ఫొటో దిగి రెండు నిమిషాల్లో పోయారు. అప్పుడు మేము వెళ్లి కూచునే చాటు ఎక్కడా లేదు. 2012లో అండమాన్ దీవుల్లో జరావా ఆడపిల్లల చేత తిండి ఆశ చూపి ఆడించిన వీడియో బయటికి వచ్చినప్పుడు, దేశం ఆశ్చర్యపోయింది. మాకు ఆశ్చర్యం కలగలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఊరికి వీడియో కాల్ చేశాం. అక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర. తాత తునికాకు కల్లానికి పోయే తొందరలో ఉన్నాడు.

"తాతా, చిరుతను చూసినం!" అన్నది పిల్ల.

"ఎంతసేపటికి కనబడ్డది బిడ్డా?"

"నలభై నిమిషాలు కూసున్నం."

"మంచిగున్నదన్నట్టు. పోంగనే పట్టపగలు కనబడ్డదంటే దానికి పానం బాగలేకనో, ముసలిదైపోయో ఉంటది." తర్వాత అడిగాడు, "అది మిమ్మల్ని చూసిందా?"

"చూసింది తాతా. చూసి పోయింది."

"అయితే సరే" అని ఫోను అమ్మమ్మకు ఇచ్చి పోయాడు.

ఆ రాత్రి కాగితం నింపాం. తిండికి ఐదు, చోటుకు మూడు, వైద్యానికి ఐదు, జాతి లక్షణానికి మూడు, భయం లేకపోవడానికి నాలుగు. ఇరవై ఐదుకు ఇరవై. మంచి మార్కులే. అంతటితో అయిపోయిందనుకున్నాం. మా అమ్మాయి కాగితం వెనక్కి తిప్పి ఆరో ప్రశ్న తనే రాసింది. ఆ జంతువుకు ఇష్టం లేనప్పుడు మనకు కనబడకుండా ఉండొచ్చా? దానికి మార్కులు ఒక్కటిగా వేయలేకపోయింది. మంచు చిరుతకు ఐదు. గుడ్లగూబ పంజరానికి సున్నా. కింద ఒక గీత గీసి, జూ పేరు లేకుండా, 'ఓటా బెంగా' అని రాసి, పక్కన మార్కు వేయకుండా వదిలేసింది.

టీచరమ్మ ఆ ఆరో ప్రశ్నను తరగతిలో చదివించిందట. ఓటా బెంగా ఎవరో పిల్లలకు తనే చెప్పిందట. వాళ్ల తరగతిలో గాజు పెట్టెలో ఒక హామ్‌స్టర్ ఉండేది. ఆ వారం పిల్లలు దాని పెట్టెలో ఒక అట్టగొట్టం పెట్టారు. రెండు రోజులు అది ఎవరికీ కనిపించలేదని మా అమ్మాయి సంబరంగా చెప్పింది.

మేము తిరిగొచ్చి కొన్నాళ్లయింది. ఇప్పుడు మా ఊరికి చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. వర్షాకాలం జలపాతాల కోసం వచ్చి, దారిలో గూడెంలో బండి ఆపుతారు. మంచివాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం అడక్కుండానే గడప దగ్గరి ముసలమ్మ మీదికి ఫోను ఎత్తుతారు. మొన్న ఒక కుర్రాడు అట్లా ఎత్తితే, మా అమ్మాయి వెళ్లి పక్కన నిలబడి, "అవ్వను అడిగినవా అన్నా?" అంది. అతను నొచ్చుకుని ఫోను దించి, అడిగాడు. అవ్వ వద్దంది. లేచి, కర్ర పట్టుకుని, మెల్లగా ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.